సాలిడ్ మోడలింగ్ తెలిసినవారు సర్ఫేస్ మోడలింగ్‌ను ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంతదూరం వెళ్లాలి

తిరుపతిలో మెకానికల్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నానని, సాలిడ్‌వర్క్స్‌లో స్కెచ్ గీసి ఎక్స్‌ట్రూడ్ చేయడం, రంధ్రాలు వేయడం, అసెంబ్లీ కూర్చడం వచ్చునని, కానీ బైకు ట్యాంకు, హెల్మెట్ వంటి వంపుల ఆకారం చేయబోతే ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదని మీరు రాశారు. సర్ఫేస్ మోడలింగ్‌కు ఏ సాఫ్ట్‌వేర్ మంచిది, ఎంతకాలం పడుతుంది, 45 రోజుల కోచింగ్ ఉద్యోగానికి సరిపోతుందా అని అడిగారు. నేను తిరుపతిలోనే డిప్లొమా చదివి, చెన్నైలో ప్లాస్టిక్ విడిభాగాల డిజైన్‌తో మొదలుపెట్టి, 17 ఏళ్లుగా ఈ పనే చేస్తున్నాను. కొత్తవారికి నేర్పిన అనుభవమూ ఉంది కాబట్టి కొంత వివరంగానే రాస్తాను.

సాఫ్ట్‌వేర్ ప్రశ్నకు చివర్లో వస్తాను, ఎందుకంటే ఈ విద్యలో అది అంత పెద్ద ప్రశ్న కాదు. ఒక సర్ఫేస్ బాగుందా లేదా అన్నది దాన్ని ఏ కమాండుతో కట్టారన్న దానికంటే, ఎన్ని కంట్రోల్ పాయింట్లతో (ఆకారాన్ని తమవైపు లాగుతూ నడిపే బిందువులతో) కట్టారు, వాటిలో ప్రతి ఒక్కటీ అక్కడ ఎందుకుందో కట్టినవారికి తెలుసా అన్న దానిమీదే ఆధారపడుతుంది. నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన వారందరి చేతా నేను మొదట మాన్పించిన అలవాటు ఒక్కటే: ఆకారం కుదరనప్పుడల్లా ఇంకో నాలుగు పాయింట్లు కలపడం.

మీకు తెలిసిన సాలిడ్ పద్ధతిలో ఒక ఘనాన్ని ముందు పెట్టుకుని, దానికి కొంత కలుపుతూ, కొంత తీసేస్తూ పోతారు. దాని ముఖాలు వాటంతటవే ఏర్పడతాయి. సర్ఫేస్ పద్ధతిలో మందం లేని ఒక్కొక్క ముఖాన్నీ మీరే కట్టాలి. దర్జీ గుడ్డను కత్తిరించి కుట్టినట్టు, ఆ ముక్కల అంచులు కత్తిరించి, కలిపి, ఎక్కడా సందు లేకుండా మూసినప్పుడు అదీ చివరికి సాలిడే అవుతుంది. కాబట్టి మీరు నేర్చుకున్నది వృథా కాదు. బోల్టు బాస్‌లు (బోల్టు దిగే గుబ్బలు), రిబ్బులు (బలానికి ఇచ్చే సన్నని గోడలు), క్లిప్పులు ఎప్పటిలాగే సాలిడ్‌లో చేస్తారు, కంటికి కనిపించే పైతొడుగును మాత్రం సర్ఫేస్‌తో చేస్తారు.

కంట్రోల్ పాయింటు అన్న ఆలోచన ఎందుకు పుట్టిందో తెలిస్తే దాన్ని గౌరవంగా వాడతారు. పూర్వం ఓడల నిర్మాణంలో సన్నని చెక్కబద్దను సీసపు బరువులతో అక్కడక్కడ నొక్కిపట్టి, అది సహజంగా వంగిన దారిలోనే గీత గీసేవారు. ఆ బద్దనే స్ప్లైన్ అనేవారు. బరువులు ఎన్ని తక్కువైతే వంపు అంత నున్నగా వచ్చేది. 1959లో ఫ్రాన్స్‌లోని సిట్రోయెన్ కార్ల కంపెనీలో పాల్ ద కాస్తెల్జో అనే గణితవేత్త, కొద్ది బిందువులతో గీతను నడిపే పద్ధతి కనుగొన్నారు. కంపెనీ దాన్ని రహస్యంగా ఉంచడం వల్ల, 1960లలో రెనో కంపెనీలో అదే దారిలో పనిచేసి ప్రచురించిన పియర్ బెజియే పేరే ఆ గీతకు స్థిరపడిపోయింది. ఈ రోజు మనం వాడే నర్బ్స్ ఆ బెజియే గీతకే విస్తరించిన రూపం. వృత్తం వంటి ఆకారాలను కూడా అది కచ్చితంగా పట్టుకోగలదు.

మొదటి నెలంతా మీరు సర్ఫేస్ జోలికి వెళ్లకుండా గీతలు మాత్రమే గీయాలని నా సలహా. ఇంట్లో ఉన్న ఇత్తడి చెంబును పక్కనుంచి, వీలైనంత దూరం నుంచి జూమ్ చేసి ఫొటో తీసి (దగ్గరనుంచి తీస్తే ఆకారం ఉబ్బినట్టు కనిపిస్తుంది), ఆ ఫొటోను నేపథ్యంలో పెట్టుకుని దాని అంచు గీయండి. మొత్తాన్ని ఒకే గీతగా లాగకుండా పొట్ట, మెడ, మూతి అని మూడు భాగాలుగా విడదీయండి. ఒక్కొక్క భాగాన్ని ఒకే స్పాన్ (మధ్యలో అతుకు లేని ఒకే ఖండం) ఉన్న డిగ్రీ 5 గీతతో (గీత సమీకరణపు ఘాతమే డిగ్రీ), అంటే సరిగ్గా 6 కంట్రోల్ పాయింట్లతో గీయండి. ఒకే స్పాన్ గీతలో పాయింట్ల సంఖ్య డిగ్రీ కంటే ఒకటి ఎక్కువ. ఈ 6 పాయింట్లలో చివరి పాయింటు గీత ఎక్కడ ఆగాలో చెబుతుంది, దాని పక్కది ఏ దిశలో ఆగాలో చెబుతుంది, మూడోది ఎంత వంపుతో ఆగాలో చెబుతుంది. రెండు కొసల్లోనూ మూడేసి పాయింట్లు ఉన్నాయి కాబట్టి, ఒక కొసను సరిచేస్తే రెండో కొస చెడదు. ఈ రంగంలో డిగ్రీ 5 మీద అంత మక్కువ ఉండడానికి కారణం ఇదే. డిగ్రీ 3 గీతలో ఉండేవి 4 పాయింట్లే కనుక, అది రెండు కొసల్లోనూ దిశను మాత్రమే స్వతంత్రంగా కాపాడగలదు.

గీసిన ప్రతి గీతకూ కర్వేచర్ కోంబ్ పెట్టి చూడండి. ఇది గీత పొడవునా లంబంగా నిలబడే సన్నని ముళ్ల వరుస. వంపు ఎక్కువైన చోట ముల్లు పొడవుగా, వంపు తగ్గిన చోట పొట్టిగా ఉంటుంది. పొట్ట నుంచి మెడలోకి వంపు తిరగబడే చోట ముళ్లు సున్నాకు దిగి, గీతకు రెండోవైపు లేస్తాయి, అది సహజం. గత ఏడాది నా దగ్గర నేర్చుకున్న ఒక అబ్బాయి చెంబు పొట్టకు ఏకంగా 23 పాయింట్లు పెట్టి, ఫొటోలోని అంచుమీద వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోబెట్టాడు. గీతను చూస్తే ఏ తప్పూ కనబడలేదు. కోంబ్ వేయగానే ముళ్లకంప లేచి నిలబడింది. ఆ గీతను తుడిచేసి 6 పాయింట్లతో మళ్లీ గీయించాను. ఫొటోతో అర మిల్లీమీటరు తేడా వచ్చింది, కోంబ్ మాత్రం కొబ్బరాకులా ఒద్దికగా విచ్చుకుంది. ఆ అర మిల్లీమీటరును వదులుకోవడం అతనికి చాలా కష్టమైంది. చెంబు చేసిన కంచరి సుత్తిదెబ్బల ఎత్తుపల్లాలను మనం కొలుస్తున్నామా, అతను మనసులో పెట్టుకున్న ఆకారాన్ని పట్టుకుంటున్నామా అని అడిగాక అతనికి సంగతి బోధపడింది.

గీతల తరువాత కంటిన్యుటీ, అంటే ముక్కలు ఒకదానితో ఒకటి ఎంత సాఫీగా కలుస్తాయన్నది, నేర్చుకోవాలి. రెండు ముక్కలు అంచు దగ్గర తాకితే అది జీ0. ఒకే దిశలో కలిస్తే జీ1. వంపు తీవ్రత కూడా రెండువైపులా సమానమైతే జీ2. ఆ తీవ్రత మారే వేగం కూడా కలిస్తే జీ3. పరీక్షల్లో రాయడానికి ఈ నాలుగు వాక్యాలు చాలు, కానీ జీ1కూ జీ2కూ ఉన్న తేడాను నేను పుస్తకంలో నేర్చుకోలేదు. ఉద్యోగంలో చేరిన రెండో ఏట ఒక ద్విచక్ర వాహనం హెడ్‌లైటు చుట్టూ వచ్చే క్రోమ్ పూత రింగు నా చేతికి వచ్చింది. చదునైన ముఖానికీ పక్కముఖానికీ మధ్య 10 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో ఫిల్లెట్ (మూలను వృత్తఖండంతో గుండ్రం చేసే కమాండు) వేసి ఇచ్చాను. స్క్రీన్ మీద అందంగానే ఉంది. అచ్చు తయారై, పూత పూసిన నమూనా వచ్చాక, తనిఖీ గదిలో ట్యూబులైటు కింద పెట్టగానే ఫిల్లెట్ మొదలయ్యే చోట ప్రతిబింబం చటుక్కున విరిగి, రింగు చుట్టూ ఎవరో గీత గీసినట్టు కనిపించింది. చదును ముఖంలో వక్రత సున్నా, 10 మిల్లీమీటర్ల వృత్తఖండంలో వక్రత 0.1 (1ని వ్యాసార్ధంతో భాగిస్తే వచ్చేది), ఆ సున్నా నుంచి 0.1కు మధ్యలో ఏ మెట్టూ లేకుండా ఎగబాకడమే ఆ గీత. అచ్చులోని ఆ భాగాన్ని మళ్లీ చెక్కవలసి వచ్చింది, ఆ ఖర్చును నా విభాగమే భరించింది. ఆ రోజు నుంచి మెరిసే ఏ భాగం మీదా ఫిల్లెట్ కమాండు వాడలేదు. రెండువైపులా ముఖాలను వెనక్కి కత్తిరించి, మధ్యలో జీ2 బ్లెండు (రెండు ముఖాలనూ కలిపే వంతెన ముక్క) కడతాను.

ఈ ప్రతిబింబాన్ని ముందే చూపించే సాధనం జీబ్రా. చిత్తూరు వైపు గ్రానైట్ ఫ్యాక్టరీలో పాలిష్ చేసిన పలకను ఎప్పుడైనా చూసి ఉంటే, అందులో ట్యూబులైటు నీడ ఎక్కడ అలలా వణికిందో అక్కడ రాయి చదునుగా లేదని కంటికే తెలిసిపోతుంది. జీబ్రా చేసేది కూడా అదే; నల్ల తెల్ల చారల గదిలో మీ వస్తువును నిలబెట్టినట్టు చూపిస్తుంది. జీ0 కలయిక దగ్గర చారలు తెగిపోయి పక్కకు జరుగుతాయి, జీ1 దగ్గర కలిసినా కోణంతో విరుగుతాయి, జీ2 దగ్గర వంపు తిరిగి సాఫీగా సాగిపోతాయి. కంప్యూటరు ముందు లేని సమయంలో కూడా కంటికి ఈ పని నేర్పండి. బస్టాండులో ఆపిన బైకుల ట్యాంకుల మీద ఆకాశపు నీడ ఎలా పారుతోందో, ఏ గీత దగ్గర ఆగుతోందో రోజూ పది నిమిషాలు నిలబడి చూస్తే, ఏ వీడియో పాఠమూ నేర్పలేనిది అలవడుతుంది.

ఇప్పుడు అసలు సర్ఫేస్. చెంబు అంచును అక్షం చుట్టూ తిప్పితే మొదటి సర్ఫేస్ వచ్చేస్తుంది, అందులో విశేషం లేదు. దానికి కొమ్ము పెట్టి కొమ్ముచెంబు చేయండి, నేర్చుకోవలసినది అక్కడుంది. కొత్తవారు కొమ్మును గొట్టంలా స్వీప్ చేసి, చెంబులోకి గుచ్చి, కలిసిన చోట ఫిల్లెట్ వేస్తారు. కొమ్ము పైకి వాలి ఉంటుంది కనుక పైభాగంలో చెంబు దేహంతో ఇరుకు కోణమూ, కిందిభాగంలో విశాల కోణమూ చేస్తుంది. పైన 60 డిగ్రీలు, కింద 120 డిగ్రీలు ఉన్నాయనుకుంటే, ఒకే 10 మిల్లీమీటర్ల ఫిల్లెట్ పైన మూలనుంచి 17.3 మిల్లీమీటర్ల దూరం ఆక్రమిస్తుంది, కింద 5.8 మిల్లీమీటర్లే. అందుకే అది పైన వాచినట్టూ కింద తాడుతో బిగించినట్టూ కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ చేసిన లెక్కలో తప్పేమీ లేదు, మనం అడిగినదే తప్పు.

సరైన దారి ఏమిటంటే, కొమ్ము చెంబును ఖండించే గీతను కనుక్కుని, దానికి చుట్టూ మీ కంటికి సమంగా తోచే వెడల్పులో చెంబు మీద ఒక మూసిన గీతనూ, కొమ్ము మీద ఒక గీతనూ గీసి, రెండింటినీ అక్కడిదాకా కత్తిరించాలి. మిగిలిన ఖాళీ పట్టీని పైన ఒకటి, కింద ఒకటి, పక్కలకు రెండు అని నాలుగు నలుచదరపు ముక్కలుగా విడదీసి, ఒక్కొక్కదాన్ని రెండువైపులా జీ2తో కలపాలి. పక్కపక్క ముక్కలు కూడా తమలో తాము కలవాలి కనుక, నాలుగు మూలల దగ్గరా పాయింట్లను చేత్తో సవరించక తప్పదు. మొదటిసారి దీనికి వారం పడుతుంది. ఖాళీని ఒక్క క్లిక్కుతో నింపే ప్యాచ్, నెట్‌వర్క్ వంటి కమాండ్లు మిమ్మల్ని ఊరిస్తాయి. అవి అక్కడ వందల పాయింట్లు పోసి పోతాయి, తరువాత మీరు ఒక్క పాయింటునూ కదపలేరు.

ఇదంతా ఒక క్రమానికి వస్తుంది. పెద్ద ముఖాలను ముందు, అవసరమైన దానికంటే కాస్త పొడవుగా కట్టి, ఒకదానినొకటి దాటిపోనివ్వాలి. అవి కుదిరాకే కత్తిరింపు, ఆ తరువాతే బ్లెండు, చివరిగా చిన్న వివరాలు. శ్రీకాళహస్తి దగ్గరి మాధవమాలలో కొయ్యబొమ్మ చెక్కేవారిని గమనించండి. దుంగలోంచి తల, మొండెం, కాళ్ల ముద్దలు తేలేదాకా కన్నూ ముక్కూ జోలికి పోరు. బ్లెండు బాగా రావడం లేదని నా దగ్గరకు వచ్చిన ఫైళ్లలో చాలావాటిలో లోపం బ్లెండులో ఉండదు. దానికి రెండువైపులా ఉన్న పెద్ద ముఖాల్లోనే ఉంటుంది.

మధ్యస్థాయి పరీక్షగా నేను ఇచ్చేది తోతాపురి మామిడికాయ. మన జిల్లాలో దానికి కొదవ లేదు. బంతిలా గుండ్రంగా ఉండదు కనుక తిప్పుడు కమాండు పనిచేయదు. ఒకవైపు పొట్ట ఉబ్బి, రెండోవైపు ముక్కు దగ్గర లోపలికి నొక్కుకుని, చివర చిలుకముక్కులా వంగుతుంది. ఆ కొన దగ్గర గీతలన్నీ ఒకే బిందువులో కలిసేలా కడితే ఆ బిందువు దగ్గర వక్రత లెక్క అస్తవ్యస్తమై, తరువాత మందం ఇవ్వబోతే విఫలమవుతుంది. కొనకు వేరుగా ఒక నలుచదరపు టోపీ ముక్క కట్టి దేహానికి కలపాలి. కాయను నిలువునా రెండు సమభాగాలుగా భావించి సగమే కట్టి, అద్దంలో ప్రతిబింబించినట్టు రెండో సగం తెచ్చుకోండి. ఇక్కడ ఒక మంచి రహస్యముంది. మధ్యతలం దగ్గర మొదటి రెండు వరుసల పాయింట్లను కలిపే గీతలు ఆ తలానికి సరిగ్గా లంబంగా ఉంటే జీ1 వస్తుంది, సౌష్ఠవం వల్ల జీ2 కూడా దానంతటదే వస్తుంది. జీ3 మాత్రం రాదు. వక్రత మారే వేగం అక్కడ సున్నా అయ్యేలా మీరు సవరించకపోతే కోంబ్ మధ్యలో ఇంటి కప్పు మొనలా ఒక కొమ్ము మిగిలిపోతుంది. కార్ల బానెట్ మధ్యగీత దగ్గర సర్ఫేస్ చేసేవారు పడే పాట్లన్నీ దీనికోసమే.

పై స్థాయికి వెళ్లాలంటే తయారీ తెలియాలి. మీరు మెకానికల్ విద్యార్థి కావడం ఇక్కడ మీకు పెద్ద బలం. ప్లాస్టిక్ భాగమైతే అచ్చు ఏ దిశలో తెరుచుకుంటుందో ముందు నిర్ణయించి, పార్టింగ్ లైన్‌ను (అచ్చు సగాలు కలిసే గీతను) మొదటి రోజే గీసుకుని, నిలువు గోడలకు కనీసం 1 నుంచి 2 డిగ్రీల డ్రాఫ్ట్ (భాగం అచ్చులోంచి ఊడివచ్చేందుకు ఇచ్చే వాలు) ఉంచాలి. పైన గరుకు టెక్స్‌చర్ వస్తుందంటే ఇంకా ఎక్కువ కావాలి. మందం సంగతి చాలామంది చివర్లో గుర్తు చేసుకుంటారు. బయటి ఉబ్బు వంపు 2 మిల్లీమీటర్ల వ్యాసార్ధంలో ఉండి, లోపలికి 2.5 మిల్లీమీటర్ల మందం ఇవ్వబోతే లోపలి సర్ఫేస్ తనమీద తానే మడతపడుతుంది. అది గణితం, ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని తప్పించలేదు. అంచుల మధ్య సందు 0.01 మిల్లీమీటరు లోపు, దిశలో తేడా 0.1 డిగ్రీ లోపు ఉండాలన్నది నేను పెట్టుకున్న హద్దు. ఫైలును స్టెప్‌గా (చాలా సాఫ్ట్‌వేర్లు చదవగల ఫైలు రూపంగా) మార్చి వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, అది మూసిన సాలిడ్‌గానే వచ్చిందా అని చూసుకున్న తరువాతే పని పూర్తయినట్టు లెక్క.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. దేవతామూర్తుల నగలు, మకరతోరణాలు, నగిషీ ఉన్న తలుపుల నమూనాలు చేయగలరా అని మన ఊళ్లో తరచుగా అడుగుతారు. అంత సూక్ష్మమైన చెక్కుడుకు నర్బ్స్ తగినది కాదు. దానికి బ్లెండర్ వంటి 3డి సాఫ్ట్‌వేర్‌లలోని శిల్పపు పరికరాలే సరైనవి. ఉంగరం వలయం, రాళ్ల గూడు వంటి కొలత ముఖ్యమైన భాగాలకు మాత్రం రైనో అనే నర్బ్స్ సాఫ్ట్‌వేర్ బాగా నప్పుతుంది.

ఇక సాఫ్ట్‌వేర్. మీరు రైనోతో మొదలుపెట్టండి. కంట్రోల్ పాయింట్లను నేరుగా చేతికిస్తుంది, 90 రోజులు పూర్తి స్థాయిలో ఉచితంగా వాడుకోవచ్చు. గీతల నెల, చెంబు, కొమ్ముచెంబు ఆ గడువులో పూర్తవుతాయి. తరువాత, మీరు విద్యార్థిగా ఉన్నంతకాలం ఆటోడెస్క్ ఉచితంగా ఇచ్చే ఏలియాస్‌కు మారండి. కార్ల, బైకుల బయటి సర్ఫేస్‌లు చేసేవారి ప్రధాన పనిముట్లలో అదొకటి. ఏదీ కుదరకపోతే ఫ్రీక్యాడ్‌లో కర్వ్స్ వర్క్‌బెంచ్ వేసుకుని కూడా ఈ అభ్యాసాలన్నీ చేయవచ్చు. విడిభాగాల కంపెనీల్లో ఉద్యోగమే మీ లక్ష్యమైతే కేటియా అనే సాఫ్ట్‌వేర్‌లోని సర్ఫేస్ విభాగం జనరేటివ్ షేప్ డిజైన్ తప్పదు, కాని అది రెండో సంవత్సరపు పని. ల్యాప్‌టాప్‌కు 16 జీబీ మెమరీ, విడి గ్రాఫిక్స్ కార్డు ఉంటే చాలు. టచ్‌ప్యాడ్ మీద మాత్రం ఈ పని చేయకండి, మూడు బటన్ల మౌసు కొనండి.

45 రోజుల కోచింగ్ కమాండ్లు ఎక్కడున్నాయో చూపిస్తుంది. డబ్బు ఇబ్బంది లేకపోతే చేరండి, కాని దానితో ఉద్యోగం వస్తుందని ఇంట్లో మాట ఇవ్వకండి. రోజుకు రెండు గంటలు విడవకుండా కూర్చుంటే, నా అంచనాలో తోతాపురి కాయకు ఆరు నెలలు, ఒక బైకు ట్యాంకును జీ2తో తప్పులేకుండా కట్టడానికి ఏడాదిన్నర, అచ్చుకు పంపగల భాగాన్ని ఎవరి సాయమూ లేకుండా పూర్తిచేయడానికి రెండున్నర ఏళ్లు పడుతుంది. ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు రంగులద్దిన రెండర్ చిత్రాలు ఇరవై చూపించే బదులు, ఒక్క కొమ్ముచెంబు ఫైలును తెరిచి, పాయింట్లు, కోంబ్, జీబ్రా మూడూ వెలిగించి చూపించండి. ఎదుట కూర్చున్నది సర్ఫేస్ తెలిసిన మనిషి అయితే మీ పని ఏమిటో నిమిషంలో చెప్పగలరు.

చెంబు అంచు మూడు ముక్కలుగా గీయడం పూర్తయ్యాక, కంట్రోల్ పాయింట్లూ కోంబూ రెండూ కనిపించేలా చిత్రం తీసి ఇక్కడ పెట్టండి. పొట్టా మెడా కలిసే చోటును దగ్గరగా తీసిన చిత్రం ఒకటి విడిగా కావాలి, ఎందుకంటే మొదటి ప్రయత్నంలో తప్పు దాదాపు ఎప్పుడూ అక్కడే ఉంటుంది; ఏ పాయింటును ఎటు జరపాలో దాన్ని చూసి చెబుతాను.